క్రిస్మస్ ఎవరి పండుగ? – చరిత్ర చెప్పే సాక్ష్యము

డిసెంబరు నెల వచ్చేసరికి సంఘకాపరి దగ్గరకు రెండు రకాల మాటలు వస్తాయి. మన సంఘంలోనే పెరిగి, ఈ మధ్య వేరొక సహవాసానికి వెళ్తున్న తమ్ముడు బైబిలు చేతపట్టుకొని, "అయ్యగారూ, డిసెంబరు 25 అని ఇందులో ఎక్కడ వ్రాసియున్నది? ఇది అన్యుల పండుగ కాదా?" అని అడుగుతాడు. అదే సాయంత్రం బజారులో కొట్టు యజమాని నవ్వుతూ, "క్రిస్మస్ ఇప్పుడు మీ ఒక్కరిదే ఏమిటండీ, అందరిదీను. మా పిల్లలు కూడా నక్షత్రం కట్టమని ఒకటే గోల" అంటాడు. ఒకరు ఇది దేవుని పండుగ కాదంటారు. మరొకరు దేవుని ఊసు లేకుండానే ఇది తమ పండుగ అంటారు. ఈ రెండు మాటల నడుమ సామాన్య విశ్వాసి తికమకపడుట సహజమే. మన శతవార్షికోత్సవ సంచికలో ఈ ప్రశ్నను చరిత్ర వెలుగులో పరిశీలించుట యుక్తమని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆదిమ సంఘము – పండుగ లేని కాలము

ముందుగా తమ్ముని ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. సువార్తలలో ప్రభువు పుట్టిన తేదీ లేదు. అపొస్తలులు ఆయన జన్మదినాన్ని పండుగగా ఆచరించినట్లు కూడా లేదు. మొదటి విశ్వాసులకు ముఖ్యమైనది పునరుత్థానము. మూడవ శతాబ్దపు గొప్ప పండితుడైన ఓరిగెను, లేఖనాలలో జన్మదినోత్సవాలు జరుపుకొన్నవారు ఫరో, హేరోదు వంటి పాపులే గాని పరిశుద్ధులు కారని బోధించాడు.

డిసెంబరు 25న క్రీస్తు జన్మదినం ఆచరించుటకు మనకు దొరికే తొలి స్పష్టమైన ఆధారం రోమా పట్టణానిది. క్రీ.శ. 354లో కూర్చిన ఒక పంచాంగంలో ఆ తేదీ కనబడుతుంది. అందులోని ఆ భాగం 336 నాటిదని చరిత్రకారులు చెబుతారు. తూర్పు సంఘాలు చాలాకాలం జనవరి 6నే ఘనంగా ఆచరించాయి. అర్మేనియా సంఘం నేటికీ ఆ దినముననే ప్రభువు జన్మను ఆచరిస్తుంది. 386లో అంతియొకయలో యోహాను క్రిసొస్తొము ప్రసంగిస్తూ, డిసెంబరు 25 పండుగ తమ ప్రాంతానికి తెలిసి ఇంకా పదేళ్ళు కాలేదన్నాడు.

ఈ తేదీయే ఎందుకు? దీనికి రెండు వాదాలున్నాయి. 274లో అరేలియను చక్రవర్తి రోమాలో సూర్యదేవుని ఆరాధనకు రాజ్యగౌరవం కల్పించాడు, ఆ సూర్యుని దినానికి బదులుగా సంఘం నీతిసూర్యుని దినాన్ని నిలబెట్టిందని ఒక వాదం. మరియమ్మ గర్భము ధరించినది మార్చి 25న అని లెక్కగట్టి, దానికి తొమ్మిది నెలలు కలిపారని మరొక వాదం. ఏది నిజమైనా, తేదీని సంఘం నిర్ణయించింది. కాని సంఘం ఆ తేదీన ఒప్పుకొన్న సత్యం సంఘం కల్పించినది కాదు. 325లో నైసియా సభ, కుమారుడు తండ్రితో సమానుడని ఒప్పుకొన్నది. ఆ దేవుడే శరీరధారియై మన మధ్య నివసించెనని సంఘమంతా ఏటేటా చాటే దినము క్రిస్మస్. తేదీ గిన్నె వంటిది, సత్యం అందులోని పాలు వంటిది.

భక్తులే నిషేధించిన పండుగ

క్రిస్మస్‌ను నాస్తికులు మాత్రమే తొలగించారనుకోవద్దు. ప్యూరిటన్లు అనే మహా భక్తిపరులే ఒకప్పుడు దానిని నిషేధించారు. 1644లో ఇంగ్లండులో డిసెంబరు 25 నెలవారీ ఉపవాస దినమున వచ్చినప్పుడు, విందు మాని ఉపవాసమే చేయవలెనని పార్లమెంటు శాసించింది. 1647లో క్రిస్మస్, ఈస్టరు, పెంతెకొస్తు పండుగలనన్నిటినీ రద్దు చేసింది. ఆ డిసెంబరులో కాంటర్‌బరీ పట్టణంలో పండుగనాడు కొట్లు తెరవాలన్నందుకు జనం తిరగబడి అల్లర్లు చేశారు. 1660లో రాజరికం తిరిగి వచ్చేవరకు ఆ నిషేధం సాగింది. అమెరికాలోని మసాచుసెట్సు వలసలో 1659లో, పని మానిగాని విందు చేసిగాని క్రిస్మస్ ఆచరించినవారికి 5 షిల్లింగుల జరిమానా విధించారు. ఆ చట్టం 1681లో రద్దయింది. స్కాట్లండులో క్రిస్మస్ సాధారణ సెలవు దినమైనది 1958లోనే.

వారి వాదం రెండు భాగాలు. ఒకటి, ఈ దినం వాక్యంలో లేదు. రెండు, పండుగ పేరిట త్రాగుడు, జూదం, అల్లరి పెరిగాయి. రెండవ మాట కాదనలేము. ఐతే నిషేధం వలన ఏమి జరిగినదో చూడండి. గుడిలో ఆరాధన ఆగిపోయింది గాని, ఇండ్లలో విందులు పూర్తిగా ఆగలేదు. తీసివేయాలనుకొన్నది మిగిలింది, మిగలవలసినది పోయింది. నా తమ్ముడు ఈ పాఠం గమనించాలని నా కోరిక.

ఇంటి పండుగ, అంగడి పండుగ

ఈనాడు మనం చూచే క్రిస్మస్ రూపం చాలావరకు పందొమ్మిదవ శతాబ్దపుది. 1823లో న్యూయార్కు రాష్ట్రపు పత్రిక ఒకదానిలో అచ్చయిన పద్యం వలన, తరువాత థామస్ నాస్టు గీసిన బొమ్మల వలన, పరిశుద్ధ నికొలాసు బొద్దు పొట్ట క్రిస్మస్ తాతగా మారాడు. 1843లో చార్లెస్ డికెన్సు తన క్రిస్మస్ కథ ప్రకటించాడు. అదే సంవత్సరం లండనులో హెన్రీ కోల్ మొదటి క్రిస్మస్ కార్డు అచ్చువేయించాడు. 1848లో విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలుచున్న బొమ్మ పత్రికలో వచ్చాక, జర్మనీ దేశపు ఆ ఆచారం ఇంగ్లండు ఇండ్లలో వ్యాపించింది. 1870లో అమెరికా కాంగ్రెసు క్రిస్మస్‌ను ప్రభుత్వ సెలవుగా చట్టం చేసింది. ఇందులో మేలు లేకపోలేదు. వీధుల్లోని త్రాగుడు తగ్గి పండుగ పిల్లల చుట్టూ, బీదల పట్ల దయ చుట్టూ తిరిగింది. కాని ఇంటిలోకి వచ్చిన పండుగ వెంట అంగడి కూడా వచ్చింది.

ఇక న్యాయస్థానాల సంగతి. అమెరికాలో రోడ్ ఐలండు రాష్ట్రపు పాటకెట్ నగరం, క్రిస్మస్ తాత ఇల్లు, జింకల బండి, చెట్టు వగైరాల నడుమ పశువుల తొట్టి దృశ్యాన్ని కూడా ప్రదర్శించేది. ప్రభుత్వం ఇలా చేయవచ్చునా అనే వ్యాజ్యంలో 1984లో సుప్రీంకోర్టు, ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరొకవైపు కాగా, చేయవచ్చునని తీర్పిచ్చింది. 1989లో పిట్స్‌బర్గు న్యాయస్థాన భవనపు మెట్లపై తొట్టి దృశ్యాన్ని ఒంటరిగా ఉంచినప్పుడు మాత్రం అది తగదన్నది. ఈ రెండు తీర్పులు ప్రక్కప్రక్కన పెట్టి చదివితే మనసు కలుక్కుమంటుంది. జింకల నడుమ ఒక బొమ్మగా ఉంటే బాలయేసు ఉండవచ్చును, ఒంటరిగా ప్రభువుగా ఉంటే ఉండరాదు! మొదటి తీర్పును వ్యతిరేకించిన న్యాయమూర్తి బ్లాక్‌మన్ పవిత్ర చిహ్నాన్ని ఇలా వాడుట దుర్వినియోగమేనని వ్రాశాడు. ప్రభుత్వమిచ్చే గౌరవంలో ఈ అపాయం ఎప్పుడూ ఉంటుంది.

ప్రజల మాటకొస్తే, 2017లో ప్యూ పరిశోధనా సంస్థ జరిపిన సర్వేలో అమెరికనులలో నూటికి 90 మంది క్రిస్మస్ జరుపుకొంటామన్నారు. మతపరమైన పండుగగా జరుపుకొంటామన్నవారు 55 మంది. 2013లో వీరు 59 మంది. జపానులో క్రైస్తవులు చాలా కొద్దిమందే అయినా, కేకు, కోడిమాంసం, దీపాలతో క్రిస్మస్ జరుగుతుంది. సోవియట్ రష్యాలో మతపరమైనదని మానిపించిన చెట్టును 1935లో నూతన సంవత్సరపు చెట్టుగా తిరిగి తెచ్చారు. చెట్టు నిలిచింది, ప్రభువు పేరు పోయింది.

మన తెలుగు నేల మీద

ఐతే పడమటి దేశాల ఈ లెక్క మనకు పూర్తిగా సరిపడదు. అక్కడ దేశమంతటికీ ఉన్న పండుగ నుండి విశ్వాసం జారిపోతున్నది. ఇక్కడ ఊరి చివరి పేటల్లో ఉన్న మన పెద్దలకు ఈ పండుగ విశ్వాసంతో పాటే వచ్చింది. ఊరి ఉత్సవాలలో దూరంగా నిలువవలసివచ్చిన వారికి, తమ గుడిసె ముందు తామే దీపం పెట్టి, తమ వీధిలో తామే పాటలు పాడుకొనే రాత్రి అది. ఇండ్లకు సున్నం వేసుకొనుట, క్రొత్త బట్టలు కట్టుట, తెల్లవారుజాము వరకు ఇంటింటా పాడుట, ఇవి వారికి వట్టి ఆడంబరం కాదు, తామూ దేవుని పోలికలో పుట్టిన మనుష్యులమే అనే సాక్ష్యం.

మెదక్ దేవాలయం సంగతి మనకందరికీ తెలిసినదే. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరవు కాలపు ఆకలిగొన్న జనానికి పని, కూడు కల్పిస్తూ కట్టించిన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. దాని అద్దపు కిటికీలలో ప్రభువు జననం, సిలువ, ఆరోహణం చిత్రింపబడ్డాయి. తొట్టి సిలువకు, సిలువ మహిమకు దారితీస్తుందని అక్షరం రానివారు సైతం అక్కడ చదువుకొన్నారు. నేటికీ క్రిస్మస్ నాడు అన్ని మతాలవారు అక్కడికి వస్తారు. పొరుగువాడు మన పండుగకు వచ్చుట మనకు నష్టం కాదు. గొఱ్ఱెల కాపరులనూ, తూర్పుదేశపు జ్ఞానులనూ ఆ తొట్టి చేర్చుకొన్నది గదా.

నాకు భయం బయటివారి వలన కాదు. నేను మొదట సేవచేసిన పల్లెలో ఒక విధవరాలు ఏనాడూ ఆరాధన తప్పేది కాదు. ఒక క్రిస్మస్ నాడు ఆమె, ఆమె ఇద్దరు పిల్లలు రాలేదు. తోరణాలు, మైకుసెట్టు, వేదికమీద పెద్దలకు దండలు, ఈ సందడిలో నేను గమనించనేలేదు. జనవరిలో ఇంటి దర్శనానికి వెళ్ళినప్పుడు అడిగితే, ఆమె తల వంచుకొని, "పిల్లలకు కొత్త బట్టలు తేలేకపోయానయ్యా. పాత బట్టలతో పండగనాడు గుడికెట్లా వచ్చేది?" అన్నది. పొత్తిగుడ్డలతో చుట్టబడిన ప్రభువు జన్మదినమున, బట్టలు లేవని ఒక తల్లి ఆయన మందిరానికి రాలేకపోయింది. ఆనాడు క్రిస్మస్‌ను లోక పండుగగా చేసినది అంగడి కాదు, ప్రభుత్వం కాదు. మా సంఘమే, దాని కాపరినైన నేనే.

మన జవాబు

కాబట్టి క్రిస్మస్ మత పండుగయా, లోక పండుగయా అంటే, తేదీని బట్టిగాని, సెలవును బట్టిగాని, నక్షత్రాన్ని బట్టిగాని తేలదు. దినమును లక్ష్యపెట్టువాడు ప్రభువు కొరకే లక్ష్యపెట్టాలని పౌలు రోమా 14వ అధ్యాయంలో బోధించాడు. అదే మన కొలత. దినమును ఆచరించని తమ్ముని నేను తీర్పు తీర్చను, అతడూ నన్ను తీర్పు తీర్చకుండునుగాక. కొట్టు యజమాని పిల్లల నక్షత్రం చూచి నేను సంతోషిస్తాను, అది దేనికి గుర్తో అడిగితే చెబుతాను. కాని అంగడి అమ్మలేనివి, ప్రభుత్వం పంచలేనివి రెండున్నాయి: ప్రభువు బల్ల, సహోదర ప్రేమ. అవి మన చేతులలోనే ఉన్నాయి.

ఈ నూరేండ్ల పండుగ వేళ ప్రతి సంఘం ఒక పని చేయాలని మనవి. డిసెంబరు మొదటి వారంలోనే పెద్దలు, స్త్రీల మైత్రివారు ఇంటింటికీ వెళ్ళి, ఎవరు రాలేని స్థితిలో ఉన్నారో తెలుసుకోవాలి. తోరణాలకు పెట్టే ఖర్చులో సగం వారికోసం, ఎవరికీ తెలియకుండా పెట్టాలి. క్రిస్మస్ ఉదయం కాపరి మొదట వేదికవైపు గాక, ఖాళీగా ఉన్న చోటువైపు చూడాలి. ఆ చోటు నిండిననాడు ఇది ఎవరి పండుగ అని మనలను ఎవరూ అడుగనక్కరలేదు. సత్రములో స్థలము దొరకని ప్రభువు మన సంఘములలో స్థలము దొరకనివారిని మనకు చూపించునుగాక. ఆమేన్.