సముద్రం దాటిన చదువు



పోచంపల్లి అంటే హైదరాబాదు వైపు వాళ్ళకు పట్టుచీరలు గుర్తుకొస్తాయి. మన పోచంపల్లి వేరు. మనకు వారపు సంత, మామిడి తోపులు. ఆ సంతలోనే ఒకాయన నన్ను ఆపి అడిగారు: "అయివారా, పిల్లోడు ఇంజినీరింగు ముగించినాడు. పైచదువుకు అమెరికా పోతానంటాడు. తోపు కుదువ పెట్టమంటాడు. పెట్టేదా, వద్దా?"

కూరగాయల గంపల మధ్య నిలబడి చెప్పే జవాబు కాదది. "ఆలోచించి చెబుతాను" అని వచ్చేశాను. ఆ తండ్రి అడిగిన ప్రశ్న తెలుగువారికి కొత్తదేమీ కాదు. నూరేళ్ళకు ముందే సముద్రం దాటి చదువుకున్న ఇద్దరి సంగతి ఈరోజు మీకు చెబుతాను. వారి చదువుకు డబ్బు ఎవరిచ్చారు, ఆ చదువు చివరికి ఎవరికి దక్కింది అన్నది గమనిస్తూ వినండి.

మొదటివారు మన పొరుగువారే. మన కృష్ణగిరి జిల్లాను ఆనుకునే చిత్తూరు జిల్లా ఉంది కదా. చిత్తూరు పట్టణంలో కలిసిపోయిన కట్టమంచిలో 1880లో రామలింగారెడ్డి గారు పుట్టారు. అప్పటికి చిత్తూరు జిల్లా ఏర్పడలేదు. అది ఉత్తర ఆర్కాటులో ఉండేది, మన కృష్ణగిరి, హోసూరు సేలం జిల్లాలో ఉండేవి. రెడ్డి గారు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివి, ప్రభుత్వ ఉపకార వేతనం సంపాదించి, 1902లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. ఓడ ఎక్కితే కులం చెడుతుందని పెద్దలు అడ్డుపడే కాలమది. అక్కడ ఆయన చరిత్ర చదివారు. విద్యార్థుల చర్చావేదిక అయిన కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు.

చదువు ముగించి తిరిగి వచ్చారు. బరోడాలో పాఠాలు చెప్పారు. ఆ తరువాత మన పక్కనే ఉన్న మైసూరు సంస్థానంలో విద్యాశాఖకు అధిపతి అయ్యారు. అంటరానివారని దూరంగా నిలబెట్టిన పిల్లలకు బడి తలుపులు తెరవాలని పట్టుబట్టారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దాని మొదటి ఉపాధ్యక్షులు, అంటే వైస్ ఛాన్సలర్, ఆయనే. ఇంకొక మాట. ఇంగ్లీషులో చదువుకుని వచ్చిన ఈ మనిషి అర్థశాస్త్రం మీద తెలుగులో పుస్తకం రాశారు. తనకు తెలిసింది తన భాషవారికీ తెలియాలనుకున్నారు.

ఇక రెండవవారు యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ పరీక్ష మూడవసారికి గానీ దాటలేదు. మా బడిలో పరీక్ష తప్పిన పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెబుతూ ఉంటాను. మద్రాసులో వైద్యం చదివి, 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు. దారిఖర్చుకు, చదువుకు కొంత కాకినాడలోని సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చింది, కొంత మామగారు ఇచ్చారు. అది చాలలేదు. హార్వర్డులో పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో పోర్టరు పని. మన దేశంలో వైద్యుడైన మనిషి అక్కడ రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు.

ఆ కష్టం వృథా కాలేదు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కె అనే ఆచార్యుడితో కలిసి వెలువరించారు. 1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలో అక్కడివారు ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేశారు. గర్భిణులకు ఈనాడు ఇచ్చే మాత్రల్లో ఉండేది అదే. బోదకాలు నివారణకు మన దేశంలో ఊరూరా పంచిన డి.ఇ.సి. మాత్ర వెనుక కూడా ఉన్నది ఆయన బృందమే.

అయితే ఆయన తిరిగి రాలేదు. మూడేళ్ళలో వస్తానని చెప్పి వెళ్ళారంటారు. 1948లో అక్కడే కన్నుమూశారు. భార్య శేషగిరి గారు ఆయనను మళ్ళీ చూడలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆయన చదువు ప్రపంచానికంతా దక్కింది. దాని ఖరీదు మాత్రం ఇక్కడ, ఒక ఇంట్లో, ఒక ఇల్లాలు చెల్లించింది. మనం 1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ళ వేసుకున్నాం. ఆ ఇల్లాలికి ఏ బిళ్ళా లేదు.

ఈ ఇద్దరిలో ఎవరూ ఇల్లు, పొలం తాకట్టు పెట్టి వెళ్ళలేదని గమనించారా? ఒకరికి ప్రభుత్వం, ఇంకొకరికి ధర్మసంస్థ, బంధువులు. విదేశీ చదువుకు అప్పివ్వడం కూడా పాత సంగతే. జంషెడ్జీ టాటా 1892లోనే అందుకొక నిధి పెట్టారు. ఊరికే ఇస్తే విలువ తెలియదు, తీర్చిన డబ్బు ఇంకొక విద్యార్థికి పనికొస్తుంది అన్నది దాని వెనుక ఆలోచన.

స్వాతంత్ర్యం వచ్చాక దారులు పెరిగాయి. అమెరికాతో ఫుల్‌బ్రైట్ ఒప్పందం 1950లో కుదిరింది. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు, భూమి లేని వ్యవసాయ కూలీల పిల్లలకు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు కేంద్ర ప్రభుత్వం జాతీయ విదేశీ ఉపకార వేతనం ఇస్తుంది. ఈ పథకం 1950ల నుంచీ ఉంది. రెండేళ్ళు ఉద్యోగం చేసినవారికి బ్రిటన్‌లో ఒక ఏడాది చదువుకు చీవ్‌నింగ్ వేతనం ఉంది. దానికొక షరతు. చదువు ముగిశాక కనీసం రెండేళ్ళు సొంత దేశంలో ఉండాలి. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బోధన రుసుము లేదు. కానీ ఒక ఏడాది బతుకు ఖర్చు ముందే బ్యాంకులో చూపాలి.

ఇవేవీ తెలియకుండానే మన పక్క చాలామంది నేరుగా అప్పు దగ్గరికి పోతున్నారు. పలకా బలపం తీసుకుని ఒక లెక్క వేయండి. 30 లక్షల అప్పు, నూటికి ఏడాదికి 10 రూపాయల వడ్డీ అనుకుందాం. ఏడాదికి వడ్డీయే 3 లక్షలు, నెలకు 25 వేలు. పిల్లవాడు చదివే రెండేళ్ళూ ఈ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అక్కడ పని చేసి తీరుస్తాడా అంటే, అమెరికాలో చదువు సాగే రోజుల్లో విద్యార్థి వారానికి 20 గంటలు మాత్రమే, అదీ విశ్వవిద్యాలయం ఆవరణలోనే పని చేయవచ్చు. చేతిఖర్చుకు సరిపోవచ్చు గానీ ఫీజుకు చాలదు. ఉపకార వేతనం ఇచ్చినవాడు చదువు అయ్యాక మనిషిని రమ్మంటాడు. అప్పిచ్చినవాడికి మనిషితో పని లేదు, తోపు మీదే కన్ను.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ హోసూరు బడిలో, బెంగళూరులో, మద్రాసులో చదివారు. చదువుకోసం ఓడ ఎక్కలేదు. 1948లో దేశానికి గవర్నర్ జనరల్ అయ్యారు. దూరం పోతేనే చదువు అన్నది నిజం కాదు. పోకూడదన్నదీ నిజం కాదు.

మరుసటి వారం సంతలో ఆ తండ్రి మళ్ళీ కనిపించారు. ఇలా చెప్పాను: "అన్నా, పిల్లోడిని పంపండి. కానీ ఈ ఏడాది కాదు. ఒక ఏడాది ఉద్యోగం చేస్తూ ఉపకార వేతనాలకు రాయమనండి. రాకపోతే అప్పుడు అప్పు సంగతి చూద్దాం, అదీ తోపులో సగం మీదే. వాడు వెళ్ళాక మీరిద్దరూ ఎట్లా బతుకుతారో కూడా వాడి ముందర కూర్చుని మాట్లాడండి."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "వాళ్ళమ్మను ఇంతవరకు ఎవరూ అడగలేదు అయివారా" అన్నారు.

మీ ఇంట్లోనూ ఈ మాట నడుస్తుంటే, ముందు ఆమెను అడగండి. సెలవు.