షార్ట్‌వేవ్ రేడియో వినడం: పిల్లలకూ, తల్లిదండ్రులకూ కొన్ని వివరాలు

ఇంట్లో అటక మీద తాతగారి కాలంనాటి ట్రాన్సిస్టర్ ఏదైనా ఉంటే, దాన్ని పాతసామాన్ల బండికి వేసే ముందు ముందుపలక ఒకసారి చూడండి. ఎం.డబ్ల్యు. అని ఒక గీత ఉంటుంది. దాని కింద ఎస్.డబ్ల్యు. 1, ఎస్.డబ్ల్యు. 2 అని ఇంకో గీతో రెండో ఉంటే అది షార్ట్‌వేవ్ పలికే సెట్టు. కొత్తది కొనే ముందు దానికి బ్యాటరీలు వేసి చూడండి. సగం సెట్లు మూగవి కావు. బ్యాటరీ స్ప్రింగులకు పట్టిన పచ్చటి చిలుమును గరుకు కాగితంతో తుడిస్తే చాలు, పలుకుతాయి.

షార్ట్‌వేవ్ అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్స్ దాకా ఉండే రేడియో తరంగాలు. పిల్లలూ, 300ని మెగాహెర్ట్స్ సంఖ్యతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. 15 మెగాహెర్ట్స్ అయితే 20 మీటర్లు. రేడియో మీద 49, 41, 31, 25, 19, 16 అని రాసి ఉండే అంకెలు ఈ మీటర్లే. 31 మీటర్ల బ్యాండు అంటే సుమారు 9400 నుంచి 9900 కిలోహెర్ట్స్ వరకూ. 49 మీటర్లది 5900 నుంచి 6200 వరకూ.

ఈ తరంగాలకు ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, ఇవి పైకి పోయి మళ్ళీ కిందికి వస్తాయి. నేల నుంచి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు మొదలుకొని కొన్ని వందల కిలోమీటర్ల దాకా గాలి చాలా పలచగా ఉంటుంది. ఎండ తగిలి అక్కడి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. దాన్నే అయనోస్ఫియర్ అంటాం. దాని పై పొర షార్ట్‌వేవ్ తరంగాన్ని వంచి నేలకు పంపుతుంది, నేల మళ్ళీ పైకి కొడుతుంది. అలా గంతులు వేస్తూ ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి చేరుతుంది. ఈ పొర ఉందని నిరూపించినందుకు ఆపిల్టన్‌కు 1947లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన దేశంలో కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్ర, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంవారు దీనిమీద చాలా కృషి చేశారు. తిరుపతి దగ్గర గాదంకిలో పై వాతావరణాన్ని పరిశీలించే పెద్ద రాడారు కేంద్రం ఇప్పటికీ ఉంది.

ఇందులో ఒక తమాషా ఉంది. తరంగం పైకి పోయి దిగేచోటు వందల కిలోమీటర్ల అవతల ఉంటుంది కదా, మధ్యలో ఉన్న ఊళ్ళకు అది అందదు. బెంగళూరు యలహంక వైపు ఆకాశవాణివారి 500 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఉన్నాయి. మన హోసూరుకు అంత దగ్గర. అయినా అవి విదేశాల వైపు గురిపెట్టినవి కాబట్టి, అక్కడివాళ్ళు విన్నంత బాగా మనకు వినిపించకపోవచ్చు. దీపం కింద చీకటి అనే సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఎప్పుడు, ఎక్కడ తిప్పాలి

పగలు పెద్ద ఫ్రీక్వెన్సీలు, రాత్రి చిన్నవి. ఇది ఒక్కటి గుర్తుంటే సగం పని అయినట్టే. పగలు ఎండకు అయనోస్ఫియర్ అడుగున ఒక పొర ఏర్పడి చిన్న ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. అందుకని మధ్యాహ్నం పూట 19, 16 మీటర్ల దగ్గర వెతకండి. పొద్దుగూకాక ఆ పొర పోతుంది. అప్పుడు 49, 41, 31 మీటర్లు బతుకుతాయి. అన్నిటికంటే మంచి సమయం సూర్యాస్తమయానికి అటూ ఇటూ ఒక గంట. తెల్లవారుజాము కూడా మంచిదే కానీ, ఆ గంటలో పిల్లల్ని నిద్రలేపి రేడియో వినిపించమని నేను చెప్పను.

షార్ట్‌వేవ్ స్టేషన్లు దాదాపు అన్నీ 5 కిలోహెర్ట్స్ మెట్ల మీద ఉంటాయి, అంటే 9690, 9695, 9700 ఇలా. మీటను నిదానంగా తిప్పాలి. ఒక చోట మాట వినిపిస్తే కనీసం రెండు నిమిషాలు ఆగండి. గొంతు పెద్దదవుతూ తగ్గుతూ ఉంటుంది. అది సెట్టు లోపం కాదు, పైనున్న పొర కదులుతున్నదని అర్థం. స్టేషను పేరు సాధారణంగా గంట మొదట్లో చెబుతారు. బి.బి.సి., చైనా, జపాన్, కొరియా, వియత్నాం, రొమేనియా దేశాల ప్రసారాలు వెతకదగినవి. టిక్కు టిక్కుమనే శబ్దం వినాలంటే 5, 10, 15 మెగాహెర్ట్స్ దగ్గర చూడండి. చైనావారి బి.పి.ఎం. అనే కాలసూచిక స్టేషను అక్కడ ఉంటుంది.

ప్రసారాల పట్టికలన్నీ ప్రపంచ సమయం ప్రకారం రాస్తారు. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన సమయం. పట్టికలో 14.30 అంటే మనకు రాత్రి 8 గంటలు. పట్టికలో సోమవారం 20.00 అని ఉంటే మనకు అది మంగళవారం వేకువన 1.30. ఇక్కడే పిల్లలు తప్పుతారు. మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం పట్టికలు మారిపోతాయి కాబట్టి పాతది పెట్టుకుని కూచుంటే ఏమీ దొరకదు.

తెలుగు వినిపిస్తుందా?

తల్లిదండ్రులు నన్ను ముందుగా అడిగే ప్రశ్న ఇదే, నిజం చెప్పాలి. తెలుగు కోసమే షార్ట్‌వేవ్ సెట్టు కొంటే నిరాశే మిగులుతుంది. ఒకప్పుడు రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు కోసం మన తెలుగు ఇళ్ళు ఎదురుచూసేవి. హైదరాబాదు కేంద్రం 4800 కిలోహెర్ట్స్ మీద పలికేది. ఆ రోజులు పోయాయి. ఒక్కొక్క దేశమూ షార్ట్‌వేవ్ మానుకుంటున్నది. నెదర్లాండ్స్ 2012లో ఆపేసింది, బి.బి.సి. హిందీ 2020 జనవరితో షార్ట్‌వేవ్ వదిలేసింది.

కానీ అదే సెట్టులో మీడియంవేవ్ ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. రాష్ట్రం దాటి వచ్చి తరాలుగా ఇక్కడ ఉన్న మనకు అసలు లాభం అక్కడే. రాత్రి 8 దాటాక విజయవాడ 837, హైదరాబాదు 738, విశాఖపట్నం 927 కిలోహెర్ట్స్ దగ్గర ఓపికగా వెతకండి. ట్రాన్స్‌మిటరు నడుస్తున్న రోజున, గాలి అనుకూలిస్తే, ఏరియల్ అక్కరలేకుండానే తెలుగు వార్తలు, హరికథ, నాటకం గదిలోకి వస్తాయి. ఎదురుగా 612లో బెంగళూరు, 720లో చెన్నై గట్టిగా పలుకుతాయి కాబట్టి సెట్టును నెమ్మదిగా గుండ్రంగా తిప్పి చూడాలి. మీడియంవేవ్ ఏరియల్ సెట్టు లోపలి ఫెర్రైటు కడ్డీ. దాని కొన స్టేషను వైపుకు ఉంటే ఆ స్టేషను తగ్గిపోతుంది, కడ్డీ అడ్డంగా ఉంటే పెరుగుతుంది. రొద చేసే స్టేషనును ఇలా పక్కకు తోయవచ్చు.

లెక్కలు ఇష్టపడే పిల్లలకు ఒక చిన్న పని. 612, 720, 738, 837, 927 వీటన్నిటినీ 9తో భాగించి చూడండి. శేషం రాదు. మన దేశంలో మీడియంవేవ్ మెట్లు 9 కిలోహెర్ట్స్. అమెరికాలో 10. డిజిటల్ సెట్టులో ఈ 9 లేక 10 అనే ఎంపిక ఉంటే తప్పకుండా 9 మీద పెట్టండి, లేకపోతే స్టేషన్లు మధ్యలో పడి గొణుగుతాయి. కొన్ని చోట్ల ఆగకుండా జలపాతంలా హోరు వినిపిస్తుంది. సెట్టు పాడయిందనుకోవద్దు. అది ఆకాశవాణివారి డి.ఆర్.ఎం. డిజిటల్ ప్రసారం. మామూలు సెట్టుకు అది అర్థం కాదు.

సెట్టు, తీగ, జాగ్రత్తలు

కొత్తది కొనేవారు ఫ్రీక్వెన్సీ అంకెల్లో చూపే సెట్టు తీసుకోండి. ముల్లు ఉన్న సెట్టులో ఏ స్టేషను విన్నామో రాసుకోవడం కష్టం. ఎస్‌.ఎస్‌.బి. అనే వసతి ఉంటే హ్యాముల మాటలు, అంటే లైసెన్సుతో అభిరుచిగా మాట్లాడుకునేవారి మాటలు, 7 మెగాహెర్ట్స్ దగ్గర వినవచ్చు. అది లేకుంటే వాళ్ళ గొంతులు బాతు అరుపుల్లా ఉంటాయి. ధర మాత్రం కొన్ని రెట్లు పెరుగుతుంది. మొదటి ఏడాది పిల్లవాడికి ఆసక్తి నిలుస్తుందో లేదో చూసి ఆ తరువాత కొనడం మేలని నా అభిప్రాయం. వినడానికి లైసెన్సు అవసరం లేదు. మాట్లాడాలంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి, దానికి 12 ఏళ్ళు నిండాలి.

ఇంట్లో గరగరకు కారణం చాలాసార్లు ఆకాశం కాదు, మన ఎల్‌.ఇ.డి. బల్బు, ఫోను చార్జరు, ఇన్వర్టరు. కరెంటు పోయినప్పుడు రేడియో ఎంత శుభ్రంగా పలుకుతుందో ఒకసారి విని చూస్తే మీకే తెలుస్తుంది. సెట్టును బ్యాటరీ మీద నడపండి, కిటికీ దగ్గరకో మేడ మీదకో తీసుకెళ్ళండి.

సెట్టు ఏరియల్‌కు అయిదారు మీటర్ల ప్లాస్టిక్ తొడుగు తీగ క్లిప్పుతో తగిలిస్తే స్టేషన్లు పెరుగుతాయి. మరీ పొడవైతే చిన్న సెట్లు తట్టుకోలేవు, ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగమవుతుంది. తీగ విషయంలో తల్లిదండ్రులకు గట్టిగా చెబుతున్నాను. కరెంటు తీగల దగ్గరగా, వాటి పైగా, కిందుగా ఎక్కడా దీన్ని లాగకూడదు. మేడ మీద నుంచి తీగను విసరడం పిల్లల పని కాదు, పెద్దలు చేయాలి. ఉరుములు వినిపించగానే తీగ ఊడదీసి, సెట్టు కట్టేసి లోపలికి రావాలి. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మేఘాలు ఎంత త్వరగా కమ్ముతాయో మీకు తెలుసు.

విన్నది ఒక నోటుబుక్కులో రాయమనండి. తేదీ, ప్రపంచ సమయం, ఫ్రీక్వెన్సీ, భాష, విన్న విషయాల వివరం, ఎంత స్పష్టంగా ఉందో 1 నుంచి 5 వరకూ మార్కులు. ఆ వివరాలు స్టేషనుకు పంపితే కొన్ని స్టేషన్లు క్యు.ఎస్.ఎల్. అనే ధ్రువీకరణ కార్డు పంపుతాయి. కనీసం పదిహేను నిమిషాల కార్యక్రమం వివరంగా రాయాలి, "బాగుంది సార్" అంటే కార్డు రాదు. చిన్నపిల్లలు ఇంటి అడ్రసు రాయకుండా, అమ్మానాన్నల అనుమతితో బడి అడ్రసుకు తెప్పించుకోవచ్చు, ఆఫీసులో ముందుగా చెబితే వచ్చిన కార్డు తీసిపెడతాం. సెలవుల్లో సెట్టు వాడకపోతే మాత్రం లోపలి బ్యాటరీలు తీసేయండి, కారితే ఆ చిలుము మళ్ళీ మొదటికొస్తుంది.