జోడేఘాట్ పున్నమి, రెల్లు పూత

మన ఆదిలాబాద్ అడవుల్లో భాద్రపదం దాటుతుంటే వాన మెల్లగా వెనక్కి తగ్గుతుంది. బురదగా పారిన వాగు తేటపడి అడుగున రాళ్లు కనిపిస్తాయి. ఒడ్డున రెల్లు తెల్లగా పూస్తుంది. గట్ల మీద తంగేడు, గునుగు విచ్చుకుంటాయి. తెల్లవారుజామున గడ్డి మీద మంచు నిలుస్తుంది. ఈ గుర్తులు చూసే మన పెద్దలు శరదృతువు వచ్చిందని తెలుసుకునేవారు. మన చరిత్రలో ఒక పెద్ద రోజు కూడా ఈ గుర్తుల మధ్యే ఉంది.

అది కుమ్రం భీం అమరుడైన రోజు. నిజాం పాలనలో అటవీ అధికారులు పోడు సాగుకు, పశువుల మేతకు అడ్డుపడుతుంటే, జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేల గోండులను, కొలాములను ఆయన ఒక్కటి చేశారు. జల్, జంగల్, జమీన్ మనవేనన్నారు. 1940లో జోడేఘాట్ కొండల్లో పోలీసుల కాల్పుల్లో ప్రాణాలు విడిచారు.

మా హాస్టల్ పిల్లలను ఒకసారి ఆయన వర్ధంతి ఎప్పుడని అడిగాం. సెలవుల్లో ఫోన్‌లో చూశామంటూ ఒకరు సెప్టెంబర్ అన్నారు, ఇంకొకరు అక్టోబర్ అన్నారు. తప్పు పిల్లలది కాదు. పుస్తకాల్లోనూ వేర్వేరు తేదీలే కనిపిస్తాయి. గూడెంలో అవ్వనో తాతనో అడిగితే మాత్రం ఒకటే జవాబు: ఆశ్వయుజ పున్నమి. ఆ పున్నమి 2023లో అక్టోబర్ 28న, 2024లో 17న, 2025లో 7న వచ్చింది. క్యాలెండర్‌లో తేదీ జరుగుతూనే ఉంటుంది. అధిక మాసం వచ్చిన ఏడు మళ్లీ నెలాఖరుకు చేరుతుంది. కానీ చంద్రుడూ కాలమూ అవే. జోడేఘాట్‌లో అధికారికంగా జరిగే వర్ధంతి కూడా ఈ పున్నమికే.

గోండు ఉపాధ్యాయులకు మార్లవాయిలో శిక్షణ మొదలైంది 1943లో. అంటే మన గూడేల్లోకి బడి చదువు సరిగా రాకముందే, కాగితం మీద ఒక్క అక్షరం రాయకుండా మనవాళ్లు ఈ రోజును నిలబెట్టుకున్నారు.

ఆ పున్నమి వెనుకే దీపావళి, దండారి వస్తాయి. గుస్సాడీ తలపాగాకు నెమలి ఈకలు కావాలి. వానకాలం ముగిసేటప్పుడు నెమళ్లు పాత ఈకలు వాటంతట అవే రాలుస్తాయి. పండుగ, పక్షి, వాన అన్నీ ఒకే లెక్కలో నడిచాయి.

ఇప్పుడు ఆ లెక్క చెదురుతోంది. జొన్న చేలు చాలావరకు పత్తి చేలయ్యాయి. కొన్ని ఏళ్లు దసరా దాటినా వాన వదలడం లేదు. గుర్తులు చూసేవాళ్లు తగ్గితే, వాటి మీద నిలిచిన మన చరిత్ర కూడా ఫోన్ చెప్పిన తేదీగా మిగిలిపోతుంది.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ఏడు ఒక నోటు పుస్తకం పెట్టండి. మీ వాగు ఏ రోజు తేటపడింది, రెల్లు ఎప్పుడు పూసింది, మొదటి మంచు ఎప్పుడు పడింది, రాలిన నెమలి ఈక ఎప్పుడు దొరికింది, అన్నీ రాయండి. గోండిలో, కొలామీలో వాటి పేర్లు పెద్దలను అడిగి పక్కనే రాసుకోండి. పున్నమి నాడు జోడేఘాట్ వచ్చేటప్పుడు ఆ పుస్తకం వెంట తెచ్చుకోండి. అందరం కలిసి చూద్దాం.

జై జంగో! జై లింగో!