కరోనా బ్యాచ్: పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఆ పిల్లలకు ఏం జరిగింది?

2020 మార్చిలో తెలంగాణలో పదో తరగతి పరీక్షలకు కూర్చున్న పిల్లలకు ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి. ఆగకుండా చదివినవాళ్లకు డిగ్రీ కూడా అయిపోయింది. వీళ్లనే అందరూ ‘కరోనా బ్యాచ్’ అంటారు. పరీక్షలు రాయకుండానే పాసయ్యారన్న ఎగతాళి ఆ మాటలో కొంచెం ఉంటుంది. అసలు ఆ రెండేళ్లలో ఏం జరిగిందో వరుసగా చూస్తే, ఆ ఎగతాళి న్యాయం కాదని తెలుస్తుంది.

మూడు పేపర్లతో ఆగిన పరీక్ష

కరోనాను మహమ్మారిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న ప్రకటించింది. తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మార్చి 19న మొదలయ్యాయి. మూడు పేపర్లు అయ్యాక హైకోర్టు ఆదేశంతో వాయిదా పడ్డాయి. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. చివరికి జూన్ 8న మిగతా పరీక్షలన్నీ రద్దు చేసి, 5.34 లక్షల మందినీ పాస్ చేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. గ్రేడ్లు ఇంటర్నల్ మార్కుల ఆధారంగా ఇచ్చారు.

బయటికి ఇది మేలులాగే కనిపించింది. కానీ చివరి మూడు నెలలు కష్టపడి మంచి మార్కులు తెచ్చుకుందాం అనుకున్న పిల్లలకు ఆ అవకాశమే లేకుండా పోయింది. ఇంటర్‌లో చేరేటప్పుడు తమకు ఏ సబ్జెక్టు ఎంత వచ్చో వాళ్లకే సరిగ్గా తెలియదు.

ఇంట్లో ఒకే ఫోన్

2020 సెప్టెంబర్ 1 నుంచి రాష్ట్రంలో ఆన్‌లైన్ పాఠాలు మొదలయ్యాయి. దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో కూడా క్లాసులు ప్రసారం చేశారు. మరి వాటిని అందుకునే వసతి ఎన్ని ఇళ్లలో ఉంది? 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ప్రతి 100 ఇళ్లలో 24 ఇళ్లకే ఇంటర్నెట్ ఉంది. పల్లెల్లో అయితే 15 ఇళ్లకే. కంప్యూటర్ ఉన్న ఇళ్లు పల్లెల్లో 100కి 4 మాత్రమే.

చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే. అది అబ్బాతో పాటు పనికి పోయేది. సాయంత్రం ఆయన తిరిగొచ్చేసరికి క్లాసు అయిపోయేది. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న చోట ఫోన్ ముందు ఎవరికి అన్న ప్రశ్న వస్తే, ఆడపిల్ల వంతు ఆఖరున వచ్చేది. పైగా ఇంట్లోనే ఉందిగా అని వంటపని, చిన్నపిల్లల పని ఆమెకే అప్పజెప్పేవాళ్లు.

సంపాదన సంగతి ఇంకా కష్టం. 2020లో రంజాన్ నెల మొత్తం లాక్‌డౌన్‌లోనే గడిచింది. మసీదులు మూతపడ్డాయి, తరావీహ్ ఇంట్లోనే చదువుకున్నారు. బట్టలు, గాజులు, చెప్పులు అమ్మేవాళ్లకు ఏడాదికంతా ఆధారమైన ఆ ఒక్క నెల గిరాకీ పోయింది. ఆటోలు ఆగాయి, ఫంక్షన్ హాళ్లు మూతపడ్డాయి, దర్జీలకు పని లేదు. అలాంటి ఇళ్లలో పదహారేళ్ల అబ్బాయి మెకానిక్ షెడ్డుకో, కూరగాయల బండి దగ్గరికో వెళ్లాల్సి వచ్చింది. ‘కాలేజీ తెరిచేదాకానే కదా’ అని మొదలైన పని కొందరికి అక్కడే స్థిరపడిపోయింది.

తెరిచారు, మళ్లీ మూశారు

కాలేజీలు 2021 ఫిబ్రవరి 1న తెరిచారు. రెండు నెలలు కూడా నిండకుండానే, మార్చి 24 నుంచి మళ్లీ మూసేశారు. ఏప్రిల్ 15న ఇంటర్ మొదటి సంవత్సరం వాళ్లను పరీక్ష లేకుండానే రెండో సంవత్సరానికి పంపుతున్నట్టు ప్రకటించారు. పరిస్థితి కుదుటపడితే తర్వాత పరీక్ష పెడతామన్నారు. చాలామంది పిల్లలు మాత్రం ఇక పరీక్ష ఉండదనే అనుకున్నారు.

సెకండ్ వేవ్‌లో మే 12 నుంచి తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్ వచ్చింది. రెండు రోజుల తర్వాత వచ్చిన ఈద్‌ను ఎన్నో కుటుంబాలు ఆసుపత్రి వార్తల మధ్యే జరుపుకున్నాయి. క్లాసులు మళ్లీ నేరుగా మొదలైంది సెప్టెంబర్ 1న.

సగం మంది ఫెయిల్

రెండో సంవత్సరం పాఠాలు నడుస్తుండగానే, అక్టోబర్ 25 నుంచి మొదటి సంవత్సరం పరీక్షలు పెట్టారు. సుమారు 4.59 లక్షల మంది రాశారు. డిసెంబర్ 16న వచ్చిన ఫలితాల్లో 49 శాతం మందే పాసయ్యారు. బాలికల్లో 56 శాతం, బాలురలో 42 శాతం. బాలికలు ముందుండటం ప్రతి ఏడాదీ ఉన్నదే కాబట్టి ఆ తేడాను కరోనాకే అంటగట్టలేం. కానీ సగానికి పైగా పిల్లలు తప్పడం మాత్రం మామూలు విషయం కాదు.

నిరసనలు జరిగాయి. కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు తల్లిదండ్రులను కుదిపేశాయి. డిసెంబర్ 24న ప్రభుత్వం దిగివచ్చి, తప్పినవాళ్లందరికీ కనీస పాస్ మార్కులు 35 వేసి పాస్ చేస్తున్నట్టు ప్రకటించింది. 2022 జనవరిలో కరోనా మళ్లీ పెరగడంతో మరో మూడు వారాలు కాలేజీలు మూశారు. ఆ మేలో ఇదే బ్యాచ్ రెండో సంవత్సరం పరీక్షలు పూర్తిగా రాసింది. సుమారు 67 శాతం మంది పాసయ్యారు.

అంటే ఈ పిల్లలు పరీక్షలు తప్పించుకోలేదు. పాఠాలు సరిగ్గా అందకుండానే పరీక్షలు రాశారు. మార్కుల లెక్కను ప్రభుత్వం సరిచేసింది. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు ఉన్న 25 శాతం వెయిటేజీని కూడా 2021, 2022లలో తీసేసింది. కానీ రాని పాఠాన్ని తిరిగి చెప్పే ఏర్పాటు మాత్రం సరిగ్గా జరగలేదు. ఆ లోటు డిగ్రీ మొదటి ఏడాదిలో అకౌంట్స్, మ్యాథ్స్, ఇంగ్లిష్ దగ్గర బయటపడింది.

అప్పటికే డిగ్రీలో ఉన్నవాళ్లు

2020లో ఫైనలియర్‌లో ఉన్నవాళ్ల బాధ వేరు. సెప్టెంబర్ చివరికల్లా పరీక్షలు పూర్తి చేయాలని యూజీసీ జూలై 6న చెప్పింది. పరీక్ష పెట్టకుండా ఫైనలియర్ వాళ్లను పాస్ చేయడం కుదరదని ఆగస్టు 28న సుప్రీంకోర్టు తేల్చింది. కావాలంటే రాష్ట్రాలు గడువు పెంచమని అడగొచ్చంది. హాస్టళ్లు ఖాళీ చేసి ఊళ్లకు పోయినవాళ్లు పుస్తకాలు కూడా గదుల్లోనే వదిలేసి, ఎప్పుడు పిలుస్తారో తెలియక నెలల తరబడి ఎదురుచూశారు. ఫీజు బకాయి ఉందని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే, వచ్చిన చిన్న ఉద్యోగం కూడా చేజారేది.

ఇప్పుడైనా ఏం చేయొచ్చు?

చదువు మధ్యలో ఆపినవాళ్లకు దారి మూసుకుపోలేదు. పది, ఇంటర్ పూర్తి చేయడానికి తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. పని చేసుకుంటూ డిగ్రీ చదవడానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఉర్దూలో చదవాలనుకునేవాళ్లకు హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్య కోర్సులు నడుపుతోంది. పెళ్లయిన అమ్మాయిలు, షాపులో పనిచేసే అబ్బాయిలు కూడా వీటిలో చేరొచ్చు.

మనసు సంగతి కూడా చిన్నది కాదు. కరోనా మొదటి ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఇంట్లో పిల్లవాడు మాటలు తగ్గించినా, చనిపోవడం గురించి మాట్లాడినా దాన్ని సోమరితనమనో, ఈమాన్ తక్కువనో తీసేయకూడదు. టెలీ మానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. రోజుకు 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇక మెమోలో 35 మార్కులు చూసి పిల్లల్ని దెప్పే ముందు ఒక్కమాట అడగాలి. ఆ ఏడాది ఆ పిల్లకు, ఆ పిల్లాడికి రోజుకు ఎన్ని గంటలు ఫోన్ దొరికింది? ఆ జవాబు మెమోలో ఉండదు, ఇంట్లో పెద్దలకే తెలుసు.