చిప్పుల విద్య బడికి వచ్చిన వైనము

విద్య పుట్టుట వేరు, అది పదిమందికి అందుట వేరు. అనేక విద్యుత్ భాగములను ఒకే ముక్కలో ఇమిడ్చు మార్గమును 1958-59 సంవత్సరములలో అమెరికాలో జాక్ కిల్బీ, రాబర్ట్ నాయిస్ వేర్వేరుగా కనుగొనిరి. అయినను తరువాత ఇరువది యేండ్ల వరకు చిప్పు గీయుట చాలమట్టుకు కర్మాగారములు గల కంపెనీల గుట్టుగానే ఉండెను.

ఆ గుట్టు విప్పినవారిలో ముఖ్యులు ఇద్దరు: కాల్‌టెక్ ఆచార్యుడు కార్వర్ మీడ్, జిరాక్స్ పరిశోధనాలయమందలి లిన్ కాన్వే. స్త్రీగా జీవింప నిశ్చయించినందుకు కాన్వేను 1968లో ఐ.బి.ఎం. ఉద్యోగము నుండి తొలగించినది. 2020లో గాని క్షమాపణ చెప్పలేదు. ఒక తలుపు మూయబడిన ఆమెయే వేలమందికి తలుపు తెరచుట గమనింపదగినది.

చిప్పు అనగా సిలికాన్ పలకపై వెలుతురు సాయముతో పొరమీద పొరగా అచ్చువేసిన బొమ్మ. గీతల వెడల్పును, వాని నడుమ ఎడమును మైక్రానులలో గాక 'లామ్డా' అను ఒక్క కొలతకు ఇన్ని రెట్లని వీరు చెప్పిరి. కర్మాగారము సన్నని గీత వేయ నేర్చినకొలది లామ్డా తగ్గును, నియమము మారదు. ఇక విద్యార్థి ఆ కొద్ది నియమములు నేర్చి, రంగు పెన్సిళ్ళతో గీతలు మొదలుపెట్టవచ్చును.

1978లో కాన్వే ఎం.ఐ.టి.లో ఈ పాఠము చెప్పినారు. విద్యార్థుల బొమ్మలు కాలిఫోర్నియాలో నిజమైన చిప్పులై తిరిగి వారి చేతికి వచ్చినవి. మరుసటి యేడు పలు విశ్వవిద్యాలయముల నుండి 124 మంది గీసిన 82 బొమ్మలను, ఒకే కాగితముపై పలువురి శుభలేఖలు అచ్చువేసినట్లు, కలిపి చేయించిరి. ఖర్చు పంచుకొనబడెను, గడువు ముగిసిన 29 రోజులకు చిప్పులు సిద్ధమయ్యెను. 1980లో మీడ్, కాన్వేల పాఠ్యగ్రంథము వెలువడినది. 1981లో మోసిస్ అను సంస్థ ఈ ఏర్పాటును స్థిరపరచినది.

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో డిజైను కేంద్రము తెరచినది. కన్నడ సీమలో స్థిరపడిన మన కుటుంబములకు అప్పటినుండి ఈ పని ఇరుగుపొరుగు మాటయే. కాని ఉద్యోగము వేరు, తాను గీసిన చిప్పును తానే పరీక్షించి చూచుకొనుట వేరు. 2020లో గూగుల్, స్కైవాటర్ సంస్థలు 130 నానోమీటర్ల తయారీకి కావలసిన నియమములను అందరికీ ఉచితముగా విడుదల చేసినవి. కనుక ఈనాడు మన పిల్లవాడు గాని పిల్ల గాని ఆరంభించుటకు కంపెనీ గుమ్మము తట్టనక్కరలేదు. మొదట తర్కద్వారములు, పిదప ట్రాన్సిస్టరు, ఆపై గీత: ఈ వరుస తప్పక నేర్చిన చాలును.

చేసి చూచినదే విద్య యని మన పనివాండ్ర ఇండ్లలో ఎన్నడో తెలిసినదే. ఈ యుగాదికి పిల్లలకు ఆ మాట చెప్పుదము.