లాటిన్‌లో మన బంగారం

కట్లపాము శాస్త్రీయ నామం బంగారస్ సెరూలియస్. రెండో మాట లాటిన్‌ది, నీలం అని అర్థం. మొదటి మాట మాత్రం మనదే. మన ‘బంగారు’కి లాటిన్ తోక ఒకటి తగిలించారు, అంతే. నల్లగా, నీలిఛాయతో నిగనిగలాడే పాముకు బంగారం ఎలా అంటుకుంది? ఆ సంగతి తెలియాలంటే ముందు స్వీడన్‌ వెళ్లాలి.

18వ శతాబ్దం సగం గడిచేదాకా యూరప్ పండితులు మొక్క పేరు చెప్పాలంటే ఒక వాక్యం అప్పజెప్పాల్సి వచ్చేది. ‘ఏటా మొలిచేది, గుబురుగా కొమ్మలు వేసేది, కొమ్మలు పలకలుగా నున్నగా ఉండేది, ఆకు అంచుకు రంపపు పళ్లుండేది’. ఒక చిన్న కలుపు మొక్కకు ఇంత పేరు! కొత్త మొక్క దొరికినప్పుడల్లా పాత వాక్యానికి మరో మాట చేర్చేవాళ్లు. స్వీడన్‌ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1753లో అచ్చువేసిన గ్రంథంలో సుమారు ఆరువేల మొక్కలకు ఈ పొడుగు పేర్లన్నీ ఇస్తూనే, పక్కన మార్జిన్‌లో ఒక్కో చిన్న మాట రాశాడు. ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరుకు ఆ మాట కలిపితే చాలు, మొక్క గుర్తుకొస్తుంది. ఆయన దృష్టిలో అది గుర్తు కోసం పెట్టుకున్న సదుపాయమే. అసలు పేరు పొడుగుదే. లోకం మాత్రం మార్జిన్‌లో మాటనే పట్టుకుంది. 1758లో జంతువులకూ అదే పద్ధతి వచ్చింది.

అయితే ఆయన ఒక కట్టుబాటు పెట్టాడు. ప్రజాతి పేరు గ్రీకు నుంచో లాటిన్ నుంచో పుట్టాలి. మిగతా భాషల మాటలు మొరటువి, పనికిరావు. ఈ నియమం చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఒక్కో గడ్డిపరకకూ పేరున్న పల్లెలు మనవి.

లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి వైద్యుడిగా వచ్చి, మొక్కలు వెతుక్కుంటూ తిరిగి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. మన కరివేపాకు శాస్త్రీయ నామంలో ‘కోనిగీ’ అన్నది ఆయన పేరే. ఆయన తర్వాత ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్త అయినవాడు పాట్రిక్ రస్సెల్, విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు.

రస్సెల్ మనసంతా పాముల మీద. ఏది కరిస్తే ప్రాణం పోతుంది, ఏది కరిస్తే భయం లేదు అన్నది చూడగానే తెలిస్తే ఎందరో బతుకుతారని ఆయన ఆశ. పొలుసులు లెక్కపెట్టాడు, కోరలు పరిశీలించాడు, బొమ్మలు వేయించాడు. చాలా పాములకు ఇక్కడివాళ్ల నోట విన్న పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకం పుటల్లో మన తెలుగు అలా కూర్చుంది.

అందులో రెండు పాములున్నాయి. ఒకటి ‘కాటుక రేకుల పొడ’. ఒంటి మీద కాటుక రేకుల్లాంటి మచ్చలున్న పొడపాము, అంటే మన రక్తపింజర. ఎంత చక్కని పేరు! ఆ మచ్చల్ని కళ్లారా చూసినవాడు తప్ప ఇంకెవరూ పెట్టలేరు. కానీ మరుసటి ఏడే జంతుశాస్త్రవేత్త జార్జ్ షా ఆ పాముకు రస్సెల్ పేరు పెట్టాడు. రస్సెల్‌కు ఆ గౌరవం తగినదే. అయినా కాటుక రేకులు చెరిగిపోయాయన్న బాధ నాకు తీరదు.

రెండోది ‘బంగారు పాము’. ఒళ్లంతా పసుపు, నలుపు పట్టీలు. పారిస్‌లో దోదెన్ అనే యువకుడు సరీసృపాల మీద పెద్ద గ్రంథం రాస్తున్నాడు. చిన్నప్పటి జబ్బుతో కాళ్లు చచ్చుబడినవాడు. ముప్ఫై నిండకుండానే క్షయతో పోయాడు. అడవులు తిరగలేని ఆ మనిషికి పుస్తకాలే అడవులు. రస్సెల్ పుస్తకంలో కనిపించిన ఈ తెలుగు మాటను తీసుకుని, లిన్నేయస్ కట్టుబాటును పక్కనపెట్టి, 1803లో ‘బంగారస్’ అని ఒక ప్రజాతినే స్థాపించాడు.

ఇక ఆ ప్రజాతిలోకి చేరిన ప్రతి పామూ ‘బంగారు’ ఇంటిపేరు పెట్టుకోవాల్సిందే. పసుపు చుక్కయినా లేని కట్లపాముకు ఆ పేరు అలా వచ్చింది.

తైవాన్‌లోనూ ఇదే ప్రజాతి కట్లపాము ఒకటి ఉంది, తెలుపు నలుపు పట్టీలది. 1963లో అక్కడి శాస్త్రవేత్తలు చాంగ్, లీ దాని విషం నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. నరం నుంచి కండరానికి వచ్చే కబురును అందుకునే గ్రాహకాలను అది వదలకుండా పట్టుకుంటుంది. కండరాలు సత్తువ కోల్పోయే మయస్థీనియా గ్రేవిస్ రోగుల్లో ఆ గ్రాహకాలు తగ్గిపోతున్నాయని 1973లో లెక్క తేల్చింది దాని సాయంతోనే. పాము పేరు మీదుగా ఆ పదార్థానికి బంగారోటాక్సిన్ అని పేరొచ్చింది. ఇవాళ్టికీ నాడీ పరిశోధన చేసే ప్రయోగశాలల్లో చిన్న సీసాల మీద ఆ పేరు ఉంటుంది. రెండు వందల ఏళ్ల కిందట మన తీరంలో పసుపు పట్టీల పామును చూసి ‘బంగారు’ అన్న మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు.