బెజవాడ జంక్షన్: కొస నుంచి కూడలికి

విజయవాడ రైల్వే జంక్షన్ కృష్ణా నది ఉత్తరపు ఒడ్డున ఉంది. చెన్నై, హౌరా, ఢిల్లీ వైపు వెళ్లే ప్రధాన మార్గాలు ఇక్కడ కలుస్తాయి. గుంటూరు, మచిలీపట్నం దారులూ ఇక్కడికే వస్తాయి. కొండల మధ్య నది ఇరుకుగా పారే ఈ చోటే 1855లో ఆనకట్ట పూర్తయింది. రైలు వంతెనకూ ఇదే అనువైన తావు అయింది.

1880ల చివర రెండు కంపెనీల పట్టాలు వేర్వేరు దిక్కుల నుంచి బెజవాడ (నేటి విజయవాడ) వైపు వచ్చాయి. 1888లో సదరన్ మరాఠా రైల్వే గుంతకల్లు, గుంటూరు మీదుగా మీటరు గేజి మార్గం తెచ్చింది. 1889లో నిజాం రైల్వే సికింద్రాబాద్ నుంచి వరంగల్, డోర్నకల్ మీదుగా బ్రాడ్ గేజి మార్గం వేసింది. ఇల్లందు ప్రాంతపు సింగరేణి బొగ్గుకు కోస్తా దారి దొరికింది ఈ మార్గంతోనే. ఒక గేజి వ్యాగన్ మరో గేజి పట్టాలపై నడవదు కాబట్టి, గేజి మారే చోటల్లా సరుకు దించి మళ్లీ ఎక్కించాల్సి వచ్చేది. అప్పటికి బెజవాడ రైలుదారులకు కొస మాత్రమే.

దాన్ని కూడలిగా మార్చింది కోస్తా మార్గం. కటక్ నుంచి బెజవాడ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే మార్గం 1893–96 మధ్య దశలవారీగా తెరుచుకుంది. కృష్ణపై వంతెన వచ్చింది. 1899లో మద్రాసుతో బ్రాడ్ గేజి సంబంధం ఏర్పడింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన కూడా పూర్తవడంతో మద్రాసు–కలకత్తా దారికి అడ్డు తొలగింది. 1929లో కాజీపేట–బల్హార్షా మార్గం ముగియడంతో మద్రాసు–ఢిల్లీ బండ్లూ బెజవాడ మీదుగా నడవసాగాయి.

కంపెనీల కాలం ముగిశాక 1951లో ఈ స్టేషన్ దక్షిణ రైల్వేలో చేరింది. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలో విజయవాడ ఒక డివిజన్ కేంద్రమైంది. ఊరి పేరు మారినా స్టేషన్ కోడ్ మాత్రం ‘బీజెడ్‌ఏ’గానే, అంటే పాత బెజవాడగానే, టిక్కెట్లపై నిలిచిపోయింది.

మార్గాలు కలిసిన తీరు ప్రయాణికులకు ఇప్పటికీ అనుభవంలో ఉంది. కాజీపేట, విశాఖ మార్గాలు రెండూ స్టేషన్‌కు ఒకే కొస నుంచి చేరతాయి. అందువల్ల కాజీపేట మీదుగా వచ్చి విశాఖ వెళ్లే బండికి ఇక్కడ ఇంజను రెండో చివరకు మారుతుంది. అంతదాకా ముఖం ముందుకు పెట్టి కూర్చున్నవారు అక్కడి నుంచి వెనక్కి ప్రయాణిస్తారు. గుంటూరు మీదుగా వచ్చే బండి నది దాటి నేరుగా విశాఖ వైపు సాగుతుంది. కాజీపేట–విశాఖ బండ్లకు ఇంజను మార్పిడికి పట్టే సమయం తప్పించేందుకు రాయనపాడు–గుణదల బైపాస్ లైన్ ఉపయోగపడుతోంది. దానిపై వెళ్లే బండ్లు విజయవాడ స్టేషన్‌కు రావు.

నేడు పది ప్లాట్‌ఫారాలున్న ఈ జంక్షన్ ప్రయాణికులకే పరిమితం కాదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి బొగ్గు రైళ్లు ఈ ప్రాంతపు పట్టాలమీదే చేరతాయి. నిజాం రైల్వేను ఇటు రప్పించిన సరుకుల్లో ఒకటైన బొగ్గు, ఆ విధంగా, ఇంకా ఇదే దారి పట్టి వస్తోంది.